టెర్మినల్‌లో పాస్‌వర్డ్ కొడుతుంటే స్టార్లు కనిపించేలా చేయడం

లైనక్స్‌లో అడ్మిన్ హక్కులతో కమాండ్ నడిపే సుడోకి పాస్‌వర్డ్ కొడుతుంటే చాలా సిస్టమ్‌లలో తెరమీద ఏమీ పడదు. కొత్తవాళ్లు కీబోర్డ్ పోయిందనుకుంటారు, సిస్టమ్ హ్యాంగ్ అయిందనుకుంటారు, కంట్రోల్ సి కొట్టి మళ్లీ మొదలుపెడతారు. రోజంతా టెర్మినల్‌లోనే ఉండేవాళ్లకీ తిప్పలు తప్పవు: ఇరవై అక్షరాల పాస్‌ఫ్రేజ్ మధ్యలో ఒక కీ పడిందో లేదో అనుమానమొస్తే మొత్తం చెరిపి మొదటినుంచి కొట్టాల్సిందే. అక్షరానికో స్టార్ చూపిస్తే ఈ బాధ పోతుంది.

స్టార్ వేయడం ఒక్క లైన్ పని. అసలు పని రెండు చోట్ల ఉంది. తెరమీది స్టార్ల లెక్క, మెమరీలోని అక్షరాల లెక్క ఏ క్షణంలోనూ వేరు పడకూడదు. ప్రోగ్రామ్ ఏ దారిన ముగిసినా టెర్మినల్‌ని ఎలా తీసుకుందో అలాగే తిరిగి ఇచ్చేయాలి. ఈ విషయంలో వచ్చే బగ్గులు దాదాపు అన్నీ ఈ రెండింట్లో ఏదో ఒకటి తప్పడం వల్లే వస్తాయి.

ముందు, చూపించాలా వద్దా

స్టార్లు చూపిస్తే పాస్‌వర్డ్ పొడవు పక్కవాళ్లకి తెలిసిపోతుందన్నది పాత అభ్యంతరం. నిజమే, కానీ ఎంత నష్టమో లెక్కవేసి చూడాలి. కీబోర్డ్ మీద కొట్టగలిగే ఆస్కీ గుర్తులు 95. ఎలాంటి వరసా లేని 12 అక్షరాల పాస్‌వర్డ్‌ని ఊహించాలంటే 95ని 12 సార్లు గుణించినన్ని ప్రయత్నాలు కావాలి. 11 అక్షరాలవీ అంతకంటే చిన్నవీ అన్నీ కలిపినా అందులో 94వ వంతే. అంటే పొడవు ముందే తెలిసినవాడికి తగ్గే శ్రమ ఒక శాతం పైచిలుకు, అంతే. అసలు ప్రమాదం పొట్టి పాస్‌వర్డ్‌లకి: ఆరు స్టార్లు కనిపిస్తే ఆ అకౌంట్ మీద పడితే లాభముందని తెలిసిపోతుంది.

కాబట్టి సొంత ల్యాప్‌టాప్‌లో నిస్సంకోచంగా పెట్టుకోండి. మీటింగ్‌లో స్క్రీన్ షేర్ చేసేవాళ్లు, క్లాసులో ప్రొజెక్టర్ మీద చూపించేవాళ్లు, ట్రైనింగ్ వీడియోలు రికార్డ్ చేసేవాళ్లు వద్దనుకోవచ్చు. వాళ్ల కోసం మీ ప్రోగ్రామ్‌లో స్టార్లు ఆపేసే వీలు ఉండాలి. చాలా లైనక్స్‌లలో సర్వీసులు నడిపే సిస్టమ్‌డీ వాళ్ల పాస్‌వర్డ్ టూల్‌లో ఇది చక్కగా కుదిరింది: మామూలుగా స్టార్లు వస్తాయి, ట్యాబ్ నొక్కితే ఆగిపోతాయి. ఏమీ కొట్టకముందే బ్యాక్‌స్పేస్ నొక్కినా అంతే.

సుడోకి మాత్రమే కావాలంటే

కోడ్ రాయక్కర్లేదు. సుడో సెట్టింగులుండే సుడోయర్స్ ఫైల్‌లో ఒక్క లైన్ చాలు: "డిఫాల్ట్స్", తర్వాత ఒక ఖాళీ, ఆపైన "పీడబ్ల్యూఫీడ్‌బ్యాక్". మొదటి పదంలో తొలి అక్షరం పెద్దది. రెండోది మొత్తం చిన్న అక్షరాల్లో, మధ్యలో ఎక్కడా ఖాళీ లేకుండా ఒకటే పదం.

ఈ ఫైల్‌ని నానోతోనో విమ్‌తోనో నేరుగా తెరవకండి. విసుడో వాడండి. సేవ్ చేసేటప్పుడు అది లైన్లన్నీ సరిచూసి, తప్పుంటే అక్కడే చెబుతుంది. పాత వెర్షన్లలో సుడోయర్స్‌లో ఒక్క లైన్ తప్పినా సుడో పనిచేయడం మానేస్తుంది, ఆ తప్పు దిద్దుకోవడానికి కావాల్సింది కూడా సుడోనే.

మెయిన్ ఫైల్‌ని కదపకుండా, ఈటీసీ కింద ఉన్న సుడోయర్స్ డాట్ డి డైరెక్టరీలో విడిగా ఒక ఫైల్ పెట్టుకోవడం ఇంకా మంచిది. విసుడోకి మైనస్ ఎఫ్ ఇచ్చి ఆ ఫైల్ దారి ఇస్తే సరి. పర్మిషన్ 0440 ఉండాలి. ఇక్కడ చాలామంది ఇరుక్కునేది ఫైల్ పేరు దగ్గర. పేరులో చుక్క ఉన్నా, చివర టిల్డ గుర్తు ఉన్నా సుడో ఆ ఫైల్‌ని చదవదు, చదవలేదని చెప్పదు కూడా. అలవాటు కొద్దీ చివర డాట్ కాన్ఫ్ తగిలిస్తే లైన్ ఎంత సరిగ్గా ఉన్నా స్టార్లు రావు.

మార్చాక సుడో మైనస్ కె కొట్టండి (చిన్న కె). సుడో కాసేపటి కోసం గుర్తుపెట్టుకున్న అనుమతి రద్దవుతుంది. తర్వాతి సుడో కమాండ్ మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది, స్టార్లు పడుతున్నాయో లేదో అప్పుడు చూసుకోవచ్చు. ఎంటర్ కొట్టగానే సుడో ఆ స్టార్లన్నిటినీ తుడిచేస్తుంది, గమనించండి. స్క్రోల్ చేసి పైకి వెళ్లినవాళ్లకి కూడా పొడవు దొరకదు. మీ ప్రోగ్రామ్‌లోనూ ఇదే పద్ధతి పెట్టండి.

ఈ సెట్టింగ్ సుడో ఒక్కదానికే. ఎస్ఎస్‌హెచ్ పాస్‌వర్డ్ అడిగేటప్పుడూ, పాస్‌డబ్ల్యూడీ కమాండ్‌తో పాస్‌వర్డ్ మార్చేటప్పుడూ తెర ఖాళీగానే ఉంటుంది.

సొంత ప్రోగ్రామ్‌లో: టెర్మినల్ దగ్గర ఏం మార్చాలి

మామూలుగా మనం కొట్టే అక్షరాన్ని తెరమీద వేసేది ప్రోగ్రామ్ కాదు, కెర్నల్‌లోని టెర్మినల్ డ్రైవర్. ఎంటర్ పడేదాకా లైన్‌ని తన దగ్గరే ఉంచుకుని, బ్యాక్‌స్పేస్‌నీ కంట్రోల్ యూనీ తనే చూసుకుని, పూర్తయిన లైన్‌ని ప్రోగ్రామ్‌కి ఇస్తుంది. ఒక్క ఎకో (కొట్టిన అక్షరాన్ని తెరమీద వేయడం) మాత్రం ఆపేస్తే తెర ఖాళీగా ఉంటుంది కానీ అక్షరాలు మన చేతికి ఎంటర్ తర్వాతే వస్తాయి. అక్షరానికో స్టార్ వేయాలంటే అక్షరం పడిన వెంటనే మనకి తెలియాలి. అందుకని ఆ లైన్ పద్ధతినే ఆపాలి. అప్పటిదాకా డ్రైవర్ చేసిపెట్టిన ఎడిటింగ్ పని మొత్తం మన నెత్తిన పడుతుంది. స్టార్లకి మనం చెల్లించే అసలు ధర ఇదే.

సి భాషలో వరస ఇలా ఉంటుంది:

1. డెవ్ కింద ఉన్న టీటీవై ఫైల్‌ని చదవడానికీ రాయడానికీ తెరవండి. స్టాండర్డ్ ఇన్‌పుట్ నుంచి చదవకండి, ఎవరైనా మీ ప్రోగ్రామ్‌కి పైప్‌లో డేటా పంపుతుండవచ్చు. ప్రాంప్టూ స్టార్లూ స్టాండర్డ్ ఔట్‌పుట్‌లోకి వెళ్లకూడదు, వెళితే అవి వాళ్ల ఔట్‌పుట్ ఫైల్‌లో చేరతాయి.
2. టీసీగెట్‌యాటర్‌తో ఇప్పుడున్న సెట్టింగులు తీసుకుని ఒక కాపీ భద్రంగా దాచండి. చివర్లో తిరిగి పెట్టాల్సింది ఈ కాపీనే. "ఎకో ఆన్ చేస్తే చాలు కదా" అనుకోవద్దు, వాడేవాళ్ల టెర్మినల్ ముందునుంచే వేరేలా ఉండి ఉండొచ్చు.
3. ఇంకో కాపీలో ఎకో, ఐకానాన్ (లైన్ పద్ధతి), ఐసిగ్ (కంట్రోల్ సి లాంటి కీలని సిగ్నల్‌గా మార్చేది) మూడూ తీసేయండి. ఒక్క బైట్ రాగానే రీడ్ తిరిగి వచ్చేలా వీమిన్ 1, వీటైమ్ 0 చేయండి. టీసీసెట్‌యాటర్‌కి టీసీఎస్ఏఫ్లష్ ఇచ్చి అమలు చేయండి. ఫ్లష్ ఎందుకంటే, ప్రాంప్ట్ రాకముందే తొందరపడి కొట్టిన అక్షరాలు ఎకోతో తెరమీద కనిపించి ఉంటాయి, అవి పాస్‌వర్డ్‌లో కలవకూడదు.
4. ఒక్కో బైట్ చదువుతూ లూప్ నడపండి.
5. ఎంటర్ రాగానే స్టార్లు తుడిచి, కొత్త లైన్ మీరే వేసి, దాచిన సెట్టింగులు తిరిగి పెట్టండి.

స్టార్‌ని నేరుగా రైట్ కాల్‌తో వేయండి. ప్రింట్‌ఎఫ్‌తో వేస్తే అది బఫర్‌లో (తాత్కాలికంగా దాచే మెమరీలో) ఆగి, ఎంటర్ కొట్టాక స్టార్లన్నీ ఒక్కసారిగా పడతాయి. ప్రింట్‌ఎఫే కావాలంటే ప్రతిసారీ ఎఫ్‌ఫ్లష్ పిలవాలి.

లూప్‌లో ఏ బైట్‌కి ఏం చేయాలి

ఎంటర్ 10గా వస్తుంది. క్యారేజ్ రిటర్న్‌ని మార్చే సెట్టింగ్ ఆపి ఉంటే 13గా వస్తుంది. రెండిటికీ సిద్ధంగా ఉండండి.

బ్యాక్‌స్పేస్ చాలా లైనక్స్ టెర్మినళ్లలో 127, కొన్నిట్లో 8. ఒక్కదాన్నే చూసుకుంటే రెండో రకం టెర్మినల్‌లో బ్యాక్‌స్పేస్ కూడా పాస్‌వర్డ్‌లో అక్షరంగా చేరి ఇంకో స్టార్ పడుతుంది. "పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టాను, తప్పంటోంది" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇది. స్టార్‌ని చెరపడానికి మూడు బైట్లు పంపాలి: 8, 32, 8. మొదటి 8 కర్సర్‌ని వెనక్కి తెస్తుంది, 32 ఖాళీ స్టార్ మీద పడుతుంది, రెండో 8 మళ్లీ వెనక్కి తెస్తుంది. ఒక్క 8 మాత్రమే పంపితే కర్సర్ కదులుతుంది కానీ స్టార్ అక్కడే ఉంటుంది. పొడవు సున్నా అయితే ఏమీ పంపకండి, లేకపోతే ప్రాంప్ట్‌లోని అక్షరాలు ఒక్కొక్కటీ మాయమవుతాయి.

కంట్రోల్ యూ 21. మొత్తం చెరపాలి. పొడవైన పాస్‌ఫ్రేజ్‌లు వాడేవాళ్ల చేతికి ఇది బాగా అలవాటైన కీ, వదిలేయకండి. కంట్రోల్ సి 3. ఐసిగ్ తీసేశాం కాబట్టి సిగ్నల్ రాదు, బైట్‌గానే వస్తుంది. సెట్టింగులు తిరిగి పెట్టి 130 కోడ్‌తో బయటికి రండి. కంట్రోల్ డి 4. పాస్‌వర్డ్ ఖాళీగా ఉన్నప్పుడు వస్తే రద్దు చేసుకున్నారని అర్థం.

బాణం కీలు ఒక్క బైట్ కాదు. ఎడమ బాణం నొక్కితే 27, 91, 68 అని మూడు వస్తాయి. డిలీట్ కీ అయితే నాలుగు: 27, 91, 51, 126. పట్టించుకోకపోతే ఒక్క నొక్కుకి మూడు నాలుగు స్టార్లు పడి, పాస్‌వర్డ్‌లో చెత్త చేరుతుంది. 27 వచ్చాక పోల్‌తో 50 మిల్లీసెకండ్లు చూడండి. ఏమీ రాకపోతే అది ఎస్కేప్ కీ, వదిలేయండి. తర్వాతిది 91 అయితే 64 నుంచి 126 మధ్య బైట్ వచ్చేదాకా అన్నీ చదివి పారేయండి. 79 అయితే ఇంకొక్క బైట్ తీసేస్తే చాలు. 32 కంటే తక్కువైన మిగతా బైట్లకి 7 పంపి బెల్ కొట్టించి ఊరుకోండి.

రీడ్ 0 ఇచ్చిందంటే అవతల టెర్మినల్ పోయింది. దాన్ని చూసుకోని లూప్, ఎస్ఎస్‌హెచ్ కనెక్షన్ తెగిపోయాక కూడా సర్వర్‌లో సీపీయూ మొత్తం తినేస్తూ తిరుగుతూనే ఉంటుంది. మైనస్ 1 వచ్చి, కారణం ఈఇంటర్ (మధ్యలో సిగ్నల్ వచ్చి రీడ్ ఆగడం) అయితే మళ్లీ చదవండి. వేరే కారణమైతే ఆపేయండి.

తెలుగు అక్షరం, మూడు స్టార్లు

"క" యూటీఎఫ్-8లో మూడు బైట్లు: 224, 176, 149. బైట్‌కో స్టార్ వేసే ప్రోగ్రామ్‌లో ఒక్క "క"కి మూడు స్టార్లు పడతాయి. అంతకంటే చెడ్డది బ్యాక్‌స్పేస్: ఒక స్టార్ పోయి, బఫర్‌లో 224, 176 మాత్రం మిగులుతాయి. సగం తెగిన అక్షరం. చూడటానికి చెరిపినట్టే ఉంటుంది, పాస్‌వర్డ్ మాత్రం కలవదు.

దీనికి పెద్ద లైబ్రరీ అక్కర్లేదు. 128 నుంచి 191 వరకు ఉన్న బైట్లు ముందు మొదలైన అక్షరానికి కొనసాగింపు. వాటిని బఫర్‌లో చేర్చండి, స్టార్ వేయకండి. చెరిపేటప్పుడు వెనకనుంచి కొనసాగింపు బైట్లన్నీ తీసి, అక్షరం మొదలైన బైట్‌ని కూడా తీసి, అప్పుడు ఒక్క స్టార్ తుడవండి. ఇంత చేసినా "క్ష"కి మూడు స్టార్లే పడతాయి, ఎందుకంటే అది క, పొల్లు, ష కలిసి 9 బైట్లు. అది తప్పేం కాదు. తెలుగు లేఅవుట్‌లో కీ నొక్కినప్పుడల్లా ఒక స్టార్ అన్న లెక్కకి అది చాలావరకు సరిపోతుంది.

రెండు లెక్కలు వేరు పడితే ఏమవుతుందో సుడో చూపించింది

2020 జనవరి చివర్లో సుడో 1.8.31 వచ్చింది. అది సరిదిద్దిన లోపం సీవీఈ-2019-18634 (భద్రతా లోపాల పబ్లిక్ జాబితాలో దాని నంబర్), సరిగ్గా ఈ స్టార్ల కోడ్‌లోనే. కంట్రోల్ యూ లాంటి కీతో లైన్ మొత్తం చెరిపినప్పుడు స్టార్లని ఒక్కొక్కటీ తుడవాలి. ఆ తుడిచే రైట్ విఫలమైతే, బఫర్‌లో ఇంకా ఎంత చోటుందన్న లెక్క మొదటికి వచ్చేది, ఎక్కడ రాస్తున్నామన్న స్థానం మాత్రం పాత చోటే ఉండిపోయేది. ఆ తర్వాత కొట్టిన అక్షరాలు బఫర్ దాటి పక్క మెమరీలోకి పోయేవి. స్టార్లు ఆన్‌లో ఉంటే చాలు, సుడోయర్స్‌లో ఏ అనుమతీ లేని మామూలు యూజర్ కూడా దాన్ని వాడుకుని రూట్ (సిస్టమ్ మీద పూర్తి అధికారమున్న యూజర్) అయ్యే వీలుండేది. లైనక్స్ మింట్, ఎలిమెంటరీ ఓఎస్ ఈ సెట్టింగ్‌ని ముందే ఆన్ చేసి ఇచ్చేవి కాబట్టి వాటి యూజర్ల మీదే ఎక్కువ ప్రభావం పడింది. చాలా డిస్ట్రిబ్యూషన్లు పాత వెర్షన్ నంబర్‌తోనే ప్యాచ్ చేర్చాయి. కాబట్టి పాత మెషీన్ మీద నంబర్ ఒక్కటే చూసి భయపడకుండా, ఆ ప్యాకేజీ మార్పుల జాబితాలో ఆ సీవీఈ ఉందో లేదో చూసుకోండి.

మీ కోడ్‌కి పాఠం ఇది: లెక్క ఒక్కటే ఉంచండి. బఫర్‌లో ఎన్ని బైట్లున్నాయో చెప్పే పొడవు వేరియబుల్ ఒక్కటి చాలు. మిగిలిన చోటుని ఆ పొడవు నుంచి, స్టార్ల సంఖ్యని బఫర్‌లోని అక్షరాల నుంచి అవసరమైనప్పుడల్లా లెక్కగట్టండి, విడిగా దాచకండి. ముందు బఫర్ మార్చండి, తర్వాత తెర మార్చండి. తెర మీద రాయడం విఫలమైనా బఫర్ లెక్క చెడకూడదు.

స్టార్లు తెర వెడల్పు దాటితే ఇంకో చిక్కు. 80 కాలమ్‌ల టెర్మినల్‌లో రెండో లైన్‌కి దిగిన స్టార్లని తుడుస్తూ వస్తే, 8 పంపినా కర్సర్ పై లైన్‌కి ఎక్కదు. పైన స్టార్లు అలాగే ఉండిపోతాయి. అందుకని తెరమీద గరిష్ఠంగా 32 స్టార్లే చూపించండి. అక్షరాలు 32 దాటాక స్టార్ వేయొద్దు, తిరిగి 32 కంటే తగ్గినప్పుడే తుడవడం మొదలుపెట్టండి.

బఫర్ నిండితే చదవడం ఆపేయకండి. ఎంటర్ వచ్చేదాకా చదువుతూ పారేసి, పాస్‌వర్డ్ మరీ పొడవుందని చెప్పండి. మధ్యలో ఆపి వెళ్లిపోతే మిగిలిన అక్షరాలు షెల్ ప్రాంప్ట్ మీద బట్టబయలవుతాయి, ఎంటర్‌తో సహా పోతే హిస్టరీలోకీ ఎక్కుతాయి. పని అయ్యాక బఫర్‌ని ఎక్స్‌ప్లిసిట్ బీజీరోతో తుడవండి. గ్లిబ్‌సీలో 2.25 నుంచి ఉంది. మామూలు మెమ్‌సెట్‌ని కంపైలర్ పనికిరాని పనిగా లెక్కగట్టి తీసేయగలదు.

పైథాన్, బ్యాష్, విండోస్

పైథాన్ 3.14లో గెట్‌పాస్ ఫంక్షన్‌కి ఎకో క్యార్ అనే కొత్త ఆప్షన్ వచ్చింది. స్టార్ గుర్తు ఇస్తే సరిపోతుంది. ఒకే ఒక ఆస్కీ గుర్తు అయి ఉండాలి. ఇది ఇచ్చినప్పుడు లైనక్స్‌లో, మ్యాక్‌లో లైన్ పద్ధతి ఆగిపోతుంది కాబట్టి కంట్రోల్ యూ లాంటివి పనిచేయకపోవచ్చని, అవే పాస్‌వర్డ్‌లో చేరవచ్చని డాక్యుమెంటేషన్‌లోనే హెచ్చరిక ఉంది. వాడేవాళ్లకి ప్రాంప్ట్‌లో ఒక మాట చెప్పండి. పాత వెర్షన్లలో టెర్మియాస్ మాడ్యూల్‌తో పై వరసంతా రాసుకోవాలి, తిరిగి పెట్టే పని ఫైనల్లీ బ్లాక్‌లో ఉండాలి.

బ్యాష్ స్క్రిప్ట్ సిస్టమ్‌డీ ఉన్న మెషీన్ల మీదే నడుస్తుందంటే లూప్ రాయకండి, సిస్టమ్‌డీ ఆస్క్ పాస్‌వర్డ్ కమాండ్ ఔట్‌పుట్‌ని వేరియబుల్‌లోకి తీసుకోండి. మిగతా చోట్ల రీడ్‌కి మైనస్ ఆర్, మైనస్ ఎస్, మైనస్ ఎన్ 1 ఇచ్చి లూప్ నడపాలి. ముందు ఐఎఫ్ఎస్‌ని (పదాలని ఏ గుర్తుల దగ్గర విడదీయాలో చెప్పే వేరియబుల్‌ని) ఖాళీ చేయకపోతే స్పేస్ కొట్టినప్పుడు ఖాళీ విలువ వస్తుంది. ఎంటర్‌కీ ఖాళీ విలువే వస్తుంది కాబట్టి పాస్‌వర్డ్ మధ్యలోనే లూప్ ముగుస్తుంది. మైనస్ ఆర్ మరిచిపోతే బ్యాక్‌స్లాష్ పోతుంది.

ఇంటర్నెట్‌లో దొరికే బ్యాష్ కోడ్‌లో ఎక్కువగా కనిపించే లోపం ఇంకోటి ఉంది. మైనస్ ఎస్ ఎకోని ఆ ఒక్క రీడ్ నడుస్తున్నంతసేపే ఆపుతుంది. రెండు రీడ్‌ల మధ్య సందులో ఎకో తిరిగి వస్తుంది. నిదానంగా కొడితే తెలియదు, పాస్‌వర్డ్ మేనేజర్ నుంచి పేస్ట్ చేస్తే మాత్రం కొన్ని అక్షరాలు స్టార్ల మధ్య అలాగే కనిపిస్తాయి. లూప్ మొదలవక ముందే ఎస్‌టీటీవై మైనస్ జి తో పాత సెట్టింగులు దాచుకుని, ఎస్‌టీటీవై మైనస్ ఎకో ఇచ్చి, ట్రాప్ ద్వారా ఎగ్జిట్ మీద పాతవి తిరిగి పెట్టండి. వచ్చిన పాస్‌వర్డ్‌ని ఇంకో కమాండ్‌కి ఆర్గ్యుమెంట్‌గా ఇవ్వకండి, పీఎస్ కొట్టినవాళ్లకి కనిపిస్తుంది. పైప్ ద్వారా పంపండి.

పవర్‌షెల్‌లో రీడ్ హోస్ట్‌కి యాజ్ సెక్యూర్ స్ట్రింగ్ ఇస్తే స్టార్లు వాటంతటవే వస్తాయి. 7.1 నుంచి మాస్క్ ఇన్‌పుట్ ఉంది, అది మామూలు స్ట్రింగ్‌నే తిరిగి ఇస్తుంది. విండోస్ సిలో గెట్‌సీహెచ్ వాడితే ఎంటర్ 13, బ్యాక్‌స్పేస్ 8. బాణం, ఫంక్షన్ కీలకి ముందు 0 గానీ 224 గానీ వస్తుంది. అప్పుడు మరోసారి పిలిచి రెండో కోడ్‌ని పారేయాలి.

అప్పజెప్పే ముందు పెట్టాల్సిన పరీక్షలు

పాస్‌వర్డ్ సగం కొట్టి ఇంకో టెర్మినల్ నుంచి కిల్‌తో టెర్మ్ సిగ్నల్ పంపండి. ప్రోగ్రామ్ పోయాక షెల్‌లో అక్షరాలు మామూలుగా పడాలి. పడకపోతే సిగ్‌టెర్మ్, సిగ్‌హప్, సిగ్‌క్విట్‌లకి సెట్టింగులు తిరిగి పెట్టే హ్యాండ్లర్ లేదని అర్థం. 300 అక్షరాలు ఒక్కసారిగా పేస్ట్ చేయండి. స్టార్ల కంటే ఎక్కువసార్లు బ్యాక్‌స్పేస్ నొక్కండి. ప్రోగ్రామ్ ఔట్‌పుట్‌ని ఫైల్‌లోకి మళ్లించి, ఆ ఫైల్‌లో ఒక్క స్టార్ కూడా లేదని చూడండి. టెర్మినల్ లేకుండా క్రాన్ (పనులని టైమ్ ప్రకారం నడిపే టూల్) నుంచి నడిపితే ఎదురుచూస్తూ కూర్చోకుండా స్పష్టమైన ఎర్రర్‌తో ఆగాలి.

కిల్ మైనస్ 9ని మాత్రం ఏ హ్యాండ్లరూ పట్టుకోలేదు. టెర్మినల్ మూగబోతే, కనిపించకపోయినా సరే ఎస్‌టీటీవై, ఖాళీ, సేన్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. ఎంటర్ కూడా పనిచేయకపోతే కంట్రోల్ జె నొక్కండి.